హాలు దర్జాకు టేపు లెక్కలు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మూడు పడగ్గదుల ఫ్లాటు తీసుకుంటే హాలు చాలాచోట్ల 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవుకు అటూ ఇటూగా వస్తుంది. అంటే 216 చదరపు అడుగులు. ఈ కథనంలో లెక్కలన్నీ ఆ హాలుకే వేసుకుందాం. ఇంటీరియర్ వాళ్ల కొటేషన్‌లో దీనికి ఏమేం ఉంటాయో అందరికీ తెలిసిందే: ఫాల్స్ సీలింగ్, గోడంత టీవీ యూనిట్, దాని వెనక గాడుల ప్యానెల్, అంచుకు బంగారు రంగు పట్టీ, ఇంకో గోడకు టెక్స్చర్ పెయింట్, మధ్యలో వేలాడే గాజు దీపాల గుత్తి. పెట్టిన డబ్బంతా వచ్చినవాళ్ల కంటపడాలన్నదే అందులోని ప్లాను.

దీనికి ఎదురుదారి పట్టేవాళ్లూ ఉన్నారు. గదిలోకి రాగానే ఏదీ మీదపడినట్టు ఉండకూడదు, కూర్చున్నాక మాత్రం లేవబుద్ధి కాకూడదు అంటారు. 2023లో ఇంగ్లిష్ పత్రికలు దీనికి క్వయెట్ లగ్జరీ అని పేరు పెట్టి తెగ రాశాయి. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లు చూసినవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు. నాలుగు టేకు స్తంభాలు, ఒక ఉయ్యాల బల్ల, ఒక పడక కుర్చీ, మిగతాదంతా ఖాళీ. దర్జాకు అంతకుమించి అక్కర్లేకపోయింది.

నా మట్టుకు ఈ దర్జా వస్తువుల ధరలో ఉన్నది కొంతే. వాటి మధ్య వదిలే దూరాల్లో, దీపాలు వెదజల్లే వెలుగులో, గదిలో మాట ఎంతసేపు మోగుతుందన్న దాంట్లో ఉన్నదే ఎక్కువ. వీటిలో సగానికి పైసా ఖర్చు లేదు. టేపు, పెన్సిలు ఉంటే చాలు.

12 దీపాల హాలు ఎందుకు ఆఫీసులా ఉంటుంది

ముందు దీపాల సంగతి చూద్దాం. ఎక్కువ హాళ్లు చెడేది ఇక్కడే.

వెలుతురును లక్స్‌లో కొలుస్తారు. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ వెలుగు పడితే ఒక లక్స్. కబుర్లు చెప్పుకునే గదికి 100 నుంచి 150 లక్స్ సరిపోతుంది. పేపరు చదివే కుర్చీ దగ్గర 300 కావాలి. ఆఫీసు బల్లల మీద 300 నుంచి 500 ఉండేలా చూస్తారు. మన హాలు సుమారు 20 చదరపు మీటర్లు. ఫాల్స్ సీలింగ్‌లో 12 వాట్ల డౌన్‌లైట్లు 12 పెట్టారనుకోండి. వాటుకు 90 ల్యూమెన్ల చొప్పున మొత్తం 12,960 ల్యూమెన్లు. గోడలూ సామానూ మింగేది పోను సగమే కిందికి దిగినా 324 లక్స్. పండగపూట చుట్టాలను ఆఫీసు వెలుతురులో కూర్చోబెట్టినట్టే. పైగా వెలుగంతా నడినెత్తి మీంచి దిగుతుంది కాబట్టి కళ్ల కింద, ముక్కు కింద నీడలు. ఎంత మంచి ముఖమైనా రెండు రాత్రులు నిద్రలేనట్టు కనిపిస్తుంది.

మనకు కావలసింది 125 లక్స్. 20 చదరపు మీటర్లకు 2,500 ల్యూమెన్లు. సగం పోతుందనుకుంటే దీపాల దగ్గర 5,000 ఉండాలి. దాన్ని ఇలా పంచవచ్చు: గోడల వారగా 7 వాట్ల డౌన్‌లైట్లు 4, సోఫా పక్కన 9 వాట్ల నేల దీపం 1, రెండు మూలల్లో 7 వాట్ల టేబుల్ దీపాలు 2, గోడ మీది పటానికి 5 వాట్ల చిన్న దీపం 1. అన్నీ కలిపి 56 వాట్లు, 5,040 ల్యూమెన్లు. మొదటి లెక్కలో 144 వాట్లు కాలుతున్నాయి. సగం దీపాలు కంటి ఎత్తుకు దిగాయి కాబట్టి ముఖాల మీద నీడలు తగ్గాయి. వీటిని కనీసం మూడు స్విచ్‌లుగా విడదీయాలి. అన్నీ ఒకే స్విచ్‌కు కలిపేస్తే ఈ పంపకానికి అర్థం లేదు.

ఇక వెలుగు రంగు. కొవ్వొత్తి వెలుగు దాదాపు 1,900 కెల్విన్, పాతకాలపు ఫిలమెంటు బల్బు 2,700, కొట్లో అడగ్గానే చేతిలో పెట్టే కూల్ డే లైట్ ఎల్‌ఈడీ 6,500. మే నెల ఎండలోంచి ఇంట్లోకొచ్చినవాడికి తెల్ల వెలుగు చల్లగా తోస్తుందని మనవాళ్లు అనడం నిజమే, కాదనను. కానీ సాయంత్రం ఆరు దాటాక అదే వెలుగు కింద టేకు బూడిద రంగుకు తిరుగుతుంది, ఇత్తడి కుంది పాలిపోతుంది. హాలుకు 2,700 నుంచి 3,000 మధ్య వార్మ్ వైట్ తీసుకోవాలి. హాల్లోంచి కనిపించే పూజగది, డైనింగ్ దీపాలు కూడా అదే రంగులో ఉండాలి. ఒక దీపం పసుపుగా, పక్కది తెల్లగా వెలిగే గదికి ఎంత ఖర్చు పెట్టినా ఏదో అతుకు కనిపిస్తూనే ఉంటుంది. బల్బు పెట్టె మీద సీఆర్‌ఐ అని ఇంకో అంకె కూడా ఉంటుంది. వస్తువుల రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పేది అదే. మామూలుగా 80 ఉంటుంది. 90 ఉన్నది అడిగి తీసుకోండి. ఎరుపులో తేడా వెంటనే తెలుస్తుంది, మన చీరల అంచుల్లో ఉండేది ఎక్కువగా ఎరుపే కదా.

విదేశీ ఫొటోల్లో లేని చిక్కు ఒకటి మన హాళ్లలో ఉంది: ఫ్యాను. మామూలు ఫ్యాను 1,200 మిల్లీమీటర్లది, అంటే మధ్యనుంచి రెక్క కొసకు 2 అడుగులు. దాని రెక్కల పైన డౌన్‌లైటు పడిందా, తిరిగే రెక్కలు వెలుగును తెగకోసి గదంతా అల్లాడుతున్నట్టు చేస్తాయి. ఫ్యాను మధ్య నుంచి 4 అడుగుల లోపు సీలింగ్ దీపం పెట్టనివ్వకండి. గాజు దీపాల గుత్తికి, ఫ్యానుకు ఒకే గదిలో పొత్తు కుదరదు. మన ఎండలకు ఫ్యానునే ఉంచక తప్పదు.

సీలింగ్ దించితే ఏం పోతుంది

శ్లాబు నుంచి శ్లాబుకు 10 అడుగులు ఉన్న ఫ్లాటులో శ్లాబు మందం 5 అంగుళాలు, నేల పరుపు 3 అంగుళాలు పోతే మిగిలేది 9 అడుగుల 4 అంగుళాలు, అంటే 2.84 మీటర్లు. దానికి 6 అంగుళాల ఫాల్స్ సీలింగ్ వేస్తే 2.69 మీటర్లు. జాతీయ భవన నిర్మాణ స్మృతి మనుషులు నివసించే గదులకు చెప్పిన కనీస ఎత్తు 2.75 మీటర్లు. ఏసీ గదులకు 2.4 వరకు ఒప్పుకుంటుంది కాబట్టి తప్పు చేశారని ఎవరూ వచ్చి అడగరు. కానీ కొన్న ఎత్తులో ఆరంగుళాలు మనమే డబ్బిచ్చి పోగొట్టుకున్నాం. పాత బంగళాల హాళ్లు దర్జాగా తోచడానికి పెద్ద కారణం తల పైన ఉన్న ఖాళీయే. శ్లాబు వంకర లేకుండా పుట్టీ పెట్టించి, గోడ రంగే వేయించి వదిలేయడం నా సలహా. ఏసీ పైపు దాచాలంటే ఆ ఒక్క గోడ వారన అడుగు వెడల్పు పట్టీ దించుకుంటే సరిపోతుంది.

3.3 సెకన్ల మోత

1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాలెస్ సబైన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి ఒక పని అప్పగించింది. కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో ఎవరేం మాట్లాడినా అర్థం కావడం లేదు. మాట ఐదు సెకన్లకు పైగా మోగుతోంది. సబైన్ రాత్రిళ్లు పక్కనున్న సాండర్స్ థియేటర్ నుంచి సీటు దిండ్లు మోయించి తెచ్చి గదిలో పరిచేవాడు. ఆర్గాన్ గొట్టం ఊది, ధ్వని చచ్చేదాకా ఎంతసేపు పట్టిందో కొలిచేవాడు. తెల్లారేలోగా దిండ్లు వెనక్కి చేరేవి. ఆ రాత్రుల్లోంచి పుట్టిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో ఉన్నవన్నీ పీల్చే ధ్వనితో భాగించాలి.

ఇంటి అలంకరణ రాసేవాళ్లు దీన్ని దాదాపు ముట్టుకోరు. మన హాలుకు వేసి చూద్దాం. ఘనపరిమాణం 57 ఘనపు మీటర్లు. నేల, సీలింగ్, నాలుగు గోడలు కలిపి 92 చదరపు మీటర్లు. టైలు, సిమెంటు, గాజు తమ మీద పడిన ధ్వనిలో నూటికి మూడు వంతులే పీల్చుకుంటాయి. కిటికీ తలుపులు మూసి ఉన్న వట్టి గదిలో మోత 3.3 సెకన్లు వస్తుంది. కొత్త ఫ్లాటులో చప్పట్లు కొడితే వినిపించేది ఇదే.

ఇప్పుడు 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవున్న ఉన్ని కార్పెట్ పరవండి. కిటికీకి కుచ్చులు నిండుగా ఉన్న మందపాటి పరదాలు వేయండి. గుడ్డ సోఫా, కుర్చీలు కలిపి ఐదుగురికి సీట్లు పెట్టండి. లెక్క 0.85 సెకన్లకు దిగుతుంది. ఇది చేతి లెక్కే, నిజం ఇల్లు ఇల్లుకూ మారుతుంది, కానీ దాదాపు నాలుగో వంతుకు పడిపోవడం మాత్రం చెవికి తెలుస్తుంది. అమ్మమ్మ ఒక మాటను రెండోసారి అడగదు. టీవీ శబ్దం తగ్గించుకుంటారు. వచ్చినవాళ్లకు ఈ హాలు ఎందుకు నచ్చిందో చెప్పడం రాదు గానీ, గొంతు తగ్గించి మాట్లాడతారు. తోలు సోఫా, గాజు బల్ల, అద్దం ప్యానెల్ ఉన్న ఖరీదైన హాళ్లలో ఇదే కరువు.

పరదాల్లోనే చాలామంది పొదుపు చేస్తారు, అక్కడే గది బీదగా కనిపిస్తుంది. గుడ్డ వెడల్పు కడ్డీ పొడవుకు 2 నుంచి 2.5 రెట్లు ఉండాలి. 8 అడుగుల కిటికీకి అటూ ఇటూ ఆరేసి అంగుళాలు కలిపి 9 అడుగుల కడ్డీ, అంటే 18 నుంచి 22 అడుగుల గుడ్డ. రెడీమేడ్ పరదా ఒక్కోటి 4 అడుగుల లోపే ఉంటుంది. మనం కొనేది రెండు. కావలసింది ఐదు. పొడవు విషయంలో కొట్లో 5, 7, 9 అడుగులవి దొరుకుతాయి. మన హాలు ఎత్తు 9 అడుగుల 4 అంగుళాలు కాబట్టి 9 అడుగులది తీసుకుని కడ్డీని సీలింగ్‌కు దగ్గరగా బిగిస్తే గుడ్డ నేలకు అరంగుళం పైన ఆగుతుంది. కిటికీ గట్టు దగ్గర తెగిపోయే 5 అడుగుల పరదా ఏ గుడ్డదైనా హాలును పొట్టిగా చేస్తుంది. మంగళగిరి నూలు గుడ్డ తేలిక రంగులో తీసుకుని వెనక మందపాటి లైనింగ్ వేయిస్తే ఎండకు రంగు వెలిసిపోదు, కుచ్చూ నిలబడుతుంది.

కార్పెట్ దగ్గర ఒక ధర రహస్యం. చేత్తో ముడులు వేసే రకంలో చదరపు అంగుళానికి 100 ముడులు ఉన్నదనుకోండి. 8కి 10 అడుగుల కార్పెట్‌కు 11,52,000 ముడులు. నేతగాడు రోజుకు 8,000 వేశాడనుకున్నా ఒక్కడికి 144 రోజుల పని. ఆ ధర అందనివాళ్లకు వరంగల్ డర్రీ ఉంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ నూలు నేత ధ్వనిని ఉన్నిలా పీల్చదు గానీ కింద మందపాటి ఫెల్టు వేస్తే కొంత సరిపెడుతుంది. ఏది కొన్నా పరిమాణంలో మాత్రం తగ్గవద్దు. సోఫా ముందు కాళ్లు కార్పెట్ మీదకు రావాలి. బల్ల కింద మాత్రమే ఇమిడే చిన్న ముక్క కంటే ఖాళీ నేల మేలు.

144 అంగుళాల పద్దు

హాలు వెడల్పు 12 అడుగులు, అంటే 144 అంగుళాలు. సోఫా లోతు 36. సోఫాకు, టీపాయ్‌కి మధ్య 16: కాఫీ కప్పు చేతికందాలి, మోకాలు తగలకూడదు. టీపాయ్ 24. దాన్ని దాటి నడిచే దారి 36. టీవీ కింది బల్ల 15. మొత్తం 127. ఇంకా 17 మిగిలాయి, వాటిలో ఆరంగుళాలు సోఫాను గోడ నుంచి ముందుకు జరపడానికి వాడండి. సామానంతా గోడలకు ఆనించి మధ్యలో మైదానం వదలడం వెయిటింగ్ హాలు పద్ధతి. ఇప్పుడు ఆ సోఫా చోట రిక్లైనర్ పెడితే? తెరిచినప్పుడు 65 అంగుళాలు పట్టిందనుకుంటే పద్దు 156కు చేరి గోడ దాటిపోతుంది. కొనేముందు కొట్లో తెరిచి కొలవమనేది అందుకే.

సీటు ఎత్తు 17, 18 అంగుళాలకు తగ్గనివ్వకండి. ఫొటోల్లో బాగుండే 15 అంగుళాల సోఫాలోంచి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు లేవాలంటే ఇంకొకరు చెయ్యి ఇవ్వాలి. డబ్బు పెట్టాల్సింది కనిపించని చోట: సీటు ఫోమ్ 32 డెన్సిటీ బదులు 40 అడగండి, గుడ్డ మార్టిండేల్ పరీక్షలో 25,000 రుద్దుళ్లు తట్టుకున్నదేనా అని అడగండి. అడిగేవాళ్లు తక్కువ కాబట్టి అమ్మేవాడు కాస్త తడబడతాడు.

సామాను నేల మీద ఎంత చోటు తింటున్నదో కూడా కూడాలి. 7 అడుగుల సోఫా 21 చదరపు అడుగులు, రెండు కుర్చీలు 12.5, టీపాయ్ 8, టీవీ బల్ల 7.5, చిన్న బల్లలు, దీపం కలిపి 4. మొత్తం 53, అంటే హాలులో నాలుగో వంతు. నేనైతే ఇంతకు మించనివ్వను. ఏడు సీట్ల సోఫా సెట్టు, దివాన్, షోకేసు, మోడాలు చేరితే ఇది ఇట్టే మూడో వంతు దాటుతుంది. మన హాలుకు ఇంకో ఉద్యోగం ఉందని ఇటాలియన్ కేటలాగు గీసేవాడికి తెలియదు. సత్యనారాయణ వ్రతం రోజున ఇక్కడే పీట వేయాలి, 20 మంది నేల మీద కూర్చోవాలి. మనిషికి 5 చదరపు అడుగుల చొప్పున 100 కావాలి. టీపాయ్‌ని ఒక్కరే జరపగలిగేంత తేలికగా ఎంచుకుంటే ఆ చోటు దొరుకుతుంది. పాలరాతి పలక వేసిన టీపాయ్‌కి నలుగురు కావాలి. ఈశాన్యం ఖాళీగా ఉంచమనే వాస్తు మీద నమ్మకం ఉన్నా లేకపోయినా, హాలులో ఒక మూల వట్టిగా వదలడం కంటికి మంచిదే.

గోడ మీది పటం మధ్యభాగం నేల నుంచి 57 అంగుళాల దగ్గర ఉండాలన్నది చాలా చిత్రశాలలు వాడే కొలత. సోఫా వెనక గోడకైతే వీపు నుంచి 6, 8 అంగుళాలు పైన మొదలవ్వాలి. వెడల్పు సోఫాలో మూడింట రెండు వంతులు, అంటే 7 అడుగుల సోఫాకు 56 అంగుళాలు. మనం పటాలను తలుపు మీద ఎత్తులో తగిలించి తలెత్తి చూస్తాం. శ్రీకాళహస్తి కలంకారీ ఒక్కటి ఇలా ఫ్రేము కట్టిస్తే ఆ గోడకు వేరే అలంకారం అక్కర్లేదు.

టీవీ విషయం త్వరగా తేల్చేద్దాం. తెర కొలతను 1.6తో గుణిస్తే కూర్చునే దూరం వస్తుంది. 65 అంగుళాల టీవీకి 104 అంగుళాలు, మన హాలుకు అది సరిపోతుంది. ఆపినప్పుడు మాత్రం అది దాదాపు పన్నెండున్నర చదరపు అడుగుల నల్ల పలక. దాన్ని గొప్పగా చూపించే ప్యానెల్ బదులు ఆ గోడకు ముదురు రంగు వేస్తే టీవీ అందులో కలిసిపోతుంది.

మెరుపుకూ అంకె ఉంది

మెరుపును కొలిచే యూనిట్లలో 10కి లోపు ఉన్నది మ్యాట్, 70 దాటితే అద్దం లాంటి మెరుపు. పాలిష్ చేసిన టైలు, యాక్రిలిక్ తలుపులు, గాజు బల్ల అన్నీ పై మెట్టులోవే. మెరిసే ప్రతి వస్తువూ గదిలోని ప్రతి దీపాన్ని ఇంకోసారి చూపిస్తుంది, 12 దీపాలు 30 అవుతాయి. మెరవాల్సిన వస్తువు ఒకటే ఉండనివ్వండి: పెంబర్తి ఇత్తడి పాత్రో, తోమిన కుందో.

నేలకు 600 మిల్లీమీటర్ల చదరపు టైలు వేస్తే మన హాలుకు 56 పలకలు పడతాయి, 800కి 1,600ది అయితే 16. అతుకులు తగ్గినకొద్దీ నేల ప్రశాంతంగా కనిపిస్తుందన్నది నిజం. అయితే అచ్చు వేసిన పాలరాతి గీతలు కొన్ని పలకలకోసారి మళ్లీ అవే వస్తాయి, కన్ను పట్టేస్తుంది. తాండూరు బండకు ఆ బాధ లేదు. 2 అడుగులవి 54 పడతాయి, అతుకులు ఎక్కువే, కానీ ఏ రెండూ ఒకలా ఉండవు. మెరుపు పాలిష్ వద్దని, నునుపు మాత్రమే చేయమని చెప్పాలి. నల్లగా కావాలంటే కడప బండ.

రంగులకు 60, 30, 10 అని డిజైనర్లు చెప్పే పాత లెక్క ఒకటుంది. గోడలూ పరదాలూ 60, సోఫా కార్పెట్ 30, మిగిలిన 10 మాత్రమే కళ్లకు కట్టేది. పోచంపల్లి ఇక్కత్‌ను ఆ 10లో, రెండు దిండు గలేబులుగా వాడితే వెలుగుతుంది. సోఫా అంతా తొడిగితే కన్ను నిలవదు. దీనికి నేను ఇంకో అంకె కలుపుతాను: గదిలో కంటికి కనిపించే పదార్థాలు ఐదు దాటకూడదు. బండ, టేకు, నూలు, ఉన్ని, ఇత్తడి. మొదట చెప్పిన కొటేషన్‌ను ఈ కంటితో లెక్కిస్తే లామినేట్లు, అద్దం, పట్టీ, టెక్స్చర్, పీఓపీ అన్నీ కలిసి సులభంగా తొమ్మిదో పదో తేలతాయి.

ఐదు లక్షలుంటే ఎలా పంచాలి? నా పద్దు ఇది: సోఫా, కుర్చీలకు 1,75,000. పరదాలు, కార్పెట్‌కు 1,00,000. చెక్కపనికి 1,00,000. వైరింగ్, దీపాలకు 75,000. గోడల పుట్టీ, రంగుకు 50,000. ఫాల్స్ సీలింగ్‌కు సున్నా. చెక్కపని అంటే చూపించే అరలు అనుకోకండి, దాచే అరలు. రౌటరు, సెట్‌టాప్ బాక్సు, మందుల డబ్బా, పాత పేపర్లు మూతపడే తలుపుల వెనక్కి పోవాలి. గుమ్మం దగ్గర చెప్పులకు కూడా: నలుగురికి నాలుగేసి జతల చొప్పున 16 జతలు, 3 అడుగుల అరలో నాలుగు జతలు, కాబట్టి నాలుగు అరలు.

వీటన్నిటికంటే ముందు పిలవాల్సింది ఎలక్ట్రీషియన్‌ను. సోఫా ఎక్కడ వస్తుందో నేల మీద సుద్దతో గీసి, నేల దీపం, టేబుల్ దీపాల ప్లగ్గులను అడుగు ఎత్తులో ఆ గీతల పక్కనే పెట్టించాలి. పటం వచ్చే గోడ మధ్యలో నాలుగడుగుల ఎత్తున స్విచ్ బోర్డు ఉంటే దాన్ని తలుపు వారకు జరిపించాలి. టీవీ వైర్లకు గోడలో గొట్టం వేయించాలి. ప్లాస్టరింగ్ కాకముందు ఇది ఒక్క రోజు పని. రంగులు వేశాక గుర్తొస్తే గోడ మళ్లీ కొట్టాలి, పుట్టీ మళ్లీ పెట్టాలి, ఆ గోడకు రంగు మొదటి నుంచి వేయాలి.